శిఖరాల జాబితా పెట్టుకుని కొండలు ఎక్కడం ఎలా?

మొదటిసారి కొండ ఎక్కి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ రోజు ఫోన్‌లో నాలుగు ఫోటోలుగా మిగిలిపోతుంది. కొందరి సంగతి వేరు. మర్నాడు పిక్కలు పట్టేసి, గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నా సరే, పైన నిలబడినప్పుడు ఎదురుగా కనిపించిన ఇంకో కొండే గుర్తొస్తూ ఉంటుంది. దాని పేరేంటి, దారి ఎటు అని వెతకడం మొదలుపెడతారు. స్నేహితులు పిలిస్తే కాదనలేక వెళ్లిన ఒక నడక నన్ను అలాగే పట్టుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఒక జాబితా పట్టుకుని, ఒక్కో పేరు పక్కన టిక్ పెట్టుకుంటూ తిరిగాను. అలా తిరగడంలో తెలిసిన విషయాలు మీకు వరసగా చెబుతాను.

తాళ్లు కట్టుకుని రాతి గోడలు ఎక్కడం, మంచు పర్వతాలు ఎక్కడం నేను చెప్పబోయే విషయం కాదు. వాటికి వేరే శిక్షణ కావాలి, అది లేకుండా వెళ్లకండి. నడిచి, అక్కడక్కడ చేతులు ఆనించి చేరుకోగలిగే శిఖరాల గురించి మాత్రమే చెబుతున్నాను.

1. ముందు ఐదారు కొండలు ఎక్కండి, జాబితా తర్వాత

ఉత్సాహం రాగానే పెద్ద జాబితా ముందేసుకుని కూర్చోకండి. ఈ నడక మీకు నిజంగా ఇష్టమో కాదో ముందు తేలాలి. అది శిఖరం మీద తేలదు, అక్కడ అందరికీ బాగానే ఉంటుంది. సగం దారిలో తేలుతుంది. బయల్దేరిన ఊపు తగ్గిపోయి, పైభాగం ఇంకా కనబడక, ఒక అడుగు ముందు ఇంకో అడుగు వేయడం తప్ప చేసేదేమీ లేని ఆ గంటలో మనసు ఎలా ఉందో గమనించండి. ఆ గంట భారంగా అనిపించకపోతే, లేదా భారంగా ఉన్నా వెనక్కి వెళ్లాలనిపించకపోతే, ఇది మీకు సరిపోయే పనే.

మొదటి కొండకి 300 నుంచి 400 మీటర్ల ఎక్కుడు (కింది నుంచి పైకి ఎక్కాల్సిన ఎత్తు), రానూపోనూ 6 నుంచి 8 కిలోమీటర్ల దూరం, స్పష్టంగా కనిపించే కాలిబాట ఉంటే చాలు. తెలిసినవాళ్లతో వెళ్లండి. మొదటి అరగంట మీకే విసుగొచ్చేంత నెమ్మదిగా నడవండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారంటే ఆ వేగం సరైనది. మాట మధ్యలో ఊపిరి అందక ఆగుతున్నారంటే తగ్గించాలి. గబగబా నడిచి ఆగి, మళ్లీ గబగబా నడిచేవాళ్ల కంటే నిదానంగా ఆగకుండా నడిచేవాళ్లే ముందు చేరతారు.

ఆ ఐదారు కొండల్లో ఒకటైనా చినుకులు పడుతున్న రోజు, ఒకటైనా తెల్లవారుజామున బయల్దేరి, ఒకటైనా రోజంతా పట్టే దూరం ఉండేలా చూసుకోండి. ఎండగా ఉన్న ఆదివారాల్లో మాత్రమే నడిచి మీకిది ఇష్టమని తేల్చుకోలేరు.

2. జాబితా ఎంచుకోండి, నియమాలు రాసుకోండి

శిఖరాల జాబితా అనగానే ఎక్కువమంది చెప్పే పేరు స్కాట్లాండ్‌లోని మన్రోలు. సర్ హ్యూ మన్రో 1891లో అక్కడ 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండల పట్టికలు ప్రచురించాడు. ఇప్పుడు ఆ లెక్కలో 282 ఉన్నాయి. అన్నీ ఎక్కిన మొదటివాడిగా రెవరెండ్ ఎ. ఇ. రాబర్ట్‌సన్‌కి పేరు, 1901లో. మన్రో మాత్రం తన జాబితా తానే పూర్తి చేయకుండా 1919లో చనిపోయాడు. నా జాబితా సగంలో ఆగిపోయినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవాడు. జాబితా పూర్తి కాకపోయినా, ఎక్కిన కొండలు ఎక్కినట్టే కదా.

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో 214 కొండల జాబితా ఉంది. అమెరికాలోని అడిరాండాక్ పర్వతాల్లో 4,000 అడుగులు దాటినవిగా ఎంచినవి 46, న్యూ హాంప్‌షైర్‌లో అంతే ఎత్తు దాటినవి 48. జపాన్‌లో నూరు ప్రసిద్ధ పర్వతాల జాబితాది వేరే దారి. అందులో ఎత్తు ఒక్కటే లెక్క కాదు, ఆ పర్వతం తీరు, దాని చరిత్ర కూడా చూసి ఎంచినవి. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాల జాబితా మనవాళ్లు బాగా విన్నదే. మల్లి మస్తాన్ బాబు 2006లో వాటిని 172 రోజుల్లో పూర్తి చేశారు. 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ 2022లో ఏడూ ముగించారు. అది పర్వతారోహణ, మన నడక కాదు. అయినా ఒక పేరు తర్వాత ఇంకో పేరు ముగించుకుంటూ పోయే ఓర్పు రెండింటికీ ఒకటే.

జాబితా ఎంచుకునేటప్పుడు అందరూ సంఖ్య చూస్తారు. మీరు ముందు అందులో అన్నిటికన్నా కష్టమైన శిఖరం ఏదో చూడండి. మన్రోల్లో స్కై ద్వీపంలోని ఒక రాతి కొమ్ముకి తాడు లేకుండా మామూలుగా నడిచేవాళ్లు వెళ్లలేరు. 281 ఎక్కి ఆ ఒక్కదాని కింద నిలబడిపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీ జాబితాలో అలాంటిది ఉంటే, దానికి కావాల్సిన శిక్షణ ఎప్పుడు తీసుకుంటారో మొదటే అనుకోండి. తర్వాత చూడాల్సింది దూరం. ఒక్కో కొండకి వెళ్లిరావడానికి ఎన్ని సెలవులు కావాలో లెక్క వేస్తే, ఈ జాబితా రెండేళ్లదో పదేళ్లదో అప్పుడే తెలిసిపోతుంది. పదేళ్లదైనా తప్పేం లేదు, తెలిసి మొదలుపెట్టాలంతే.

తయారుగా ఉన్న జాబితా ఏదీ నచ్చకపోతే మీరే ఒకటి రాసుకోండి. ఏదో ఒక ఎత్తైన చోట నిలబడితే చుట్టూ కనిపించే శిఖరాలన్నీ కావచ్చు, ఒక నది పరీవాహక ప్రాంతం అంచున ఉన్నవన్నీ కావచ్చు. మొదటిసారికి 10 నుంచి 25 మధ్య పేర్లుంటే బాగుంటుంది. అయితే ఒక చిక్కు వస్తుంది. ఒకే గట్టు మీద నాలుగు మెట్టలుంటే అవి నాలుగు శిఖరాలా, ఒకటా? దీనికి వాడే కొలతని ప్రామినెన్స్ అంటారు. ఒక శిఖరం నుంచి అంతకన్నా ఎత్తైన మరో చోటికి ఏ దారిన వెళ్లినా కనీసం ఎంత కిందికి దిగక తప్పదో, అదే దాని ప్రామినెన్స్. 50 మీటర్లైనా దిగాలి అని గీత గీసుకుంటే సందేహం తీరిపోతుంది.

నియమాలు కాగితం మీద పెట్టండి. పై వరకు రోడ్డు ఉన్న కొండని ఎక్కడి నుంచి నడిస్తే లెక్క? జాబితా మొదలుపెట్టక ముందు ఎక్కినవి కలుపుకోవాలా? కొలతలు మారితే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్న ఊరికే అడగడం లేదు. 2012లో ఒక మన్రోని మళ్లీ కొలిస్తే 913.96 మీటర్లు వచ్చింది. అర మీటరు కూడా లేని తేడాకి దాన్ని జాబితాలోంచి తీసేశారు. అడిరాండాక్‌లో మాత్రం తర్వాతి సర్వేల్లో నాలుగు శిఖరాలు 4,000 అడుగుల లోపే అని తేలినా, పాత 46నీ అలాగే ఉంచుకున్నారు. నాకు అడిరాండాక్ పద్ధతే ఇష్టం. చెమటోడ్చి ఎక్కిన కొండని లెక్కలోంచి తీసేయడానికి నాకు మనసొప్పదు.

3. కాళ్లని సిద్ధం చేయండి, ముఖ్యంగా దిగడానికి

ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడలు, మోకాళ్లు కావాలి. కొత్తవాళ్లు మొదటిదానికే తయారవుతారు. వాలు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే శరీర బరువుని ఆపాలి. మర్నాడు, ఆ పై రోజు వచ్చే నొప్పులు ఎక్కువగా అందువల్లే. వారానికి రెండు మూడు సార్లు మెట్లు ఎక్కి, దిగేటప్పుడు తొందరపడకుండా ఒక్కో మెట్టు మీద అదుపుగా కాలు మోపండి. కొన్ని వారాల తర్వాత కొండకి తీసుకెళ్లే బ్యాగ్‌నే వేసుకుని అదే పని చేయండి. వారంలో ఒక రోజు పొడవైన నడక, దాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం. ఇంతకు మించిన వ్యాయామ ప్రణాళిక అక్కర్లేదు. గుండె, మోకాళ్ల సమస్యలున్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

4. సామాను

మొదట షూస్ మీద డబ్బు పెట్టండి, మిగతావన్నీ తర్వాత కొనుక్కోవచ్చు. షూస్ సాయంత్రం పూట కొనండి, రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కొండకి వేసుకునే మందపాటి సాక్స్‌తోనే వేసి చూడండి. కిందికి వాలిన పలక మీద నిలబడినప్పుడు వేళ్లు ముందుకి తగలకూడదు. తగిలితే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. కొత్త షూస్‌తో నేరుగా పెద్ద కొండకి వెళ్లకండి.

కాటన్ బట్టలు ఇంట్లో హాయి, కొండ మీద ఇబ్బంది. చెమటకో వానకో తడిస్తే త్వరగా ఆరవు, గాలి తగలగానే ఒళ్లు చల్లబడిపోతుంది. ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే చొక్కా, దాని మీద వెచ్చదనానికి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే తేలికైన స్వెటర్ లాంటిది), పైన గాలిని, వానని ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు తీసేస్తూ, ఆగినప్పుడు వేసుకుంటూ ఉండాలి. చలి వేశాక వేసుకోవడం కాదు, ఆగిన వెంటనే వేసుకోవాలి. ప్రతి 1,000 మీటర్లకి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 22 ఉంటే వెయ్యి మీటర్ల పైన 15, 16 ఉంటుంది. గాలి వీస్తే ఒంటికి తెలిసే చలి ఇంకా ఎక్కువ.

మధ్యాహ్నానికే తిరిగొచ్చేసే నడకైనా తలకి కట్టుకునే హెడ్ ల్యాంప్ బ్యాగ్‌లో ఉండాలి. విజిల్, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, పేపర్ మ్యాప్, దిక్సూచి, పవర్ బ్యాంక్ కూడా. పాదంలో ఎక్కడైనా వేడిగా, రాసుకుంటున్నట్టు అనిపిస్తే అప్పుడే ఆగి, షూ విప్పి, టేప్ వేయండి. ఇంకో కిలోమీటరు అయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి పొక్కు లేచి ఉంటుంది.

5. ప్రతి కొండకీ ముందురోజు కూర్చుని లెక్క వేయండి

1892లో విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తోంది. మీటర్లలో చెప్పుకుంటే, ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 12 కిలోమీటర్ల దారి, 900 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎక్కుడుకి గంటన్నర, మొత్తం 3 గంటల 54 నిమిషాలు. ఇందులో ఆగడాలు, తినడాలు లేవు, ఫోటోలు అసలే లేవు. కొత్తవాళ్లు దీనికి కనీసం సగం కలుపుకుని 6 గంటలు అనుకోవడం మంచిది. మీ నాలుగైదు నడకల అసలు సమయాన్ని ఈ లెక్కతో పోల్చి చూసుకుంటే మీ సొంత సూత్రం దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన అలవాటు ఇదే.

మ్యాప్‌లో కాంటూర్ గీతలు చదవడం నేర్చుకోండి. ఒక గీత మీది చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. గీతలు దగ్గరగా ఉంటే వాలు నిటారు, ఎడంగా ఉంటే సాఫీ. ఎక్కిన ప్రతి కొండ మ్యాప్‌నీ తిరిగొచ్చాక ఇంకోసారి చూడండి. ఏ చోట ఆయాసం వచ్చిందో గుర్తు తెచ్చుకుంటూ ఆ గీతలు చూస్తే, ఏ పాఠం చెప్పలేనిది మీ కాళ్లే చెబుతాయి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్‌ని లోపలి జేబులో పెట్టుకోండి. దిక్సూచి చూసేటప్పుడు మాత్రం ఫోన్ దానికి దూరంగా ఉండాలి, దగ్గరుంటే ముల్లు పక్కకి లాగుతుంది.

ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారినో, ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులో ఉండాలి. అడవిలోంచి, ఇతరుల భూమిలోంచి వెళ్లే దారులకి అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

బయల్దేరే ముందే ఇంకో సమయం రాసుకోండి. ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాల్సిన సమయం.

6. కొండ మీద: జాబితాని బ్యాగ్‌లోంచి తీయకండి

మాటలు కాస్త కటువుగా అనిపించినా ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఏ కొండకి వెళ్లాలో జాబితా చెప్పాలి. ఈ రోజు పై దాకా వెళ్లాలా వద్దా అన్నది మబ్బు, గాలి, గడియారం, మీతో ఉన్నవాళ్ల ముఖాలు చెప్పాలి. ఈ రెండూ కలిసిపోయిన చోటే ప్రమాదం మొదలవుతుంది.

నా జాబితాలో ఒక కొండకి మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి వానకి దారి జారుడుగా మారి సగంలోనే తిరిగొచ్చాం. రెండోసారి శిఖరానికి ఇంకో 40 నిమిషాల దూరంలో ఉండగా పొగమంచు కమ్మేసింది, పైగా అనుకున్న సమయం దాటిపోయింది. నాకు వెళ్లాలనే ఉంది. "ఇంత దూరం వచ్చాక..." అన్నాను. నాతో వచ్చిన పెద్దాయన ఏమీ వాదించలేదు, వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. దారి పొడవునా నేను మాట్లాడలేదు. కింది మలుపుకి వచ్చేసరికి చీకటి పడింది. మేం పైకి వెళ్లి ఉంటే ఆ చీకట్లో ఏ రాళ్ల మీద ఉండేవాళ్లమో అప్పుడు అర్థమైంది. మూడోసారి వెళ్లినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది. పైన ఒక గంట కూర్చున్నాం. రెండుసార్లు తిరిగి రావడం వల్ల ఆ కొండలో ప్రతి మలుపూ నాకు తెలుసు. జాబితాలో నాకు ఎక్కువ దగ్గరైనది అదే.

దూరం నుంచి శిఖరంలా కనిపించి, తీరా చేరాక వెనక ఇంకో ఎత్తు బయటపడే చోట్లు చాలా ఉంటాయి. మ్యాప్‌లో వాటిని ముందే గుర్తించి పెట్టుకుంటే మనసు కుంగదు. దాహం వేసేదాకా ఆగకుండా తరచూ కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. ఎండని, మీ వేగాన్ని బట్టి మారుతుంది గానీ గంటకి అర లీటరు లెక్కన తీసుకెళ్లండి. ఆకలి వేయకముందే ఏదో ఒకటి నములుతూ ఉండండి.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ఆ లెక్క 30 లోపు ఉంటే పిడుగు మిమ్మల్ని చేరగల దూరంలోనే ఉందని అర్థం. అప్పటిదాకా ఆగకుండా, దూరంగా ఉరుము వినగానే శిఖరం, గట్టు వదిలి దిగిపోండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి. పొగమంచులో దారి తప్పినట్టు అనిపిస్తే ముందుకి వెతుక్కుంటూ పోకండి. ఆగి, కచ్చితంగా తెలిసిన చివరి చోటు ఏదో గుర్తు తెచ్చుకుని అక్కడికి తిరిగి వెళ్లండి. ఎవరికైనా దెబ్బ తగిలి కదలలేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. రాత్రయితే టార్చ్‌తో అదే లెక్క. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే మీ పిలుపు ఎవరికో అందినట్టు. జవాబు వచ్చినా మనుషులు చేరేదాకా ఆపకండి.

తోటివాళ్లలో ఎవరైనా వణుకుతూ, మాట తడబడుతూ, కాళ్లు తొట్రుపడుతుంటే అది అలసట మాత్రమే అనుకోవద్దు. ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతోందని అర్థం. గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు మార్చి, వెచ్చగా కప్పి, తీపిగా ఏదైనా తినిపించి సాయం పిలవండి. జాబితా మిమ్మల్ని 2,500 మీటర్ల పైకి తీసుకెళ్తే ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతుల గురించి కూడా తెలుసుకుని వెళ్లాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. లక్షణాలు ముదురుతుంటే మందు కోసం చూడకుండా దిగడమే.

దిగేటప్పుడు షూ లేసులు మడమ దగ్గర బిగించి కట్టండి, పొడవు మార్చుకోగలిగే నడక కర్రలుంటే కాస్త పొడవు పెంచండి. చిన్న అడుగులు వేయండి. పని అయిపోయిందన్న తేలికలోనే కాలు జారుతుంది.

7. తిరిగొచ్చిన రోజే రాయండి

తేదీ, బయల్దేరిన సమయం, పైకి చేరిన సమయం, దిగిన సమయం, వాతావరణం, ఎవరితో వెళ్లారు. ఇవి రెండు లైన్లు. మూడో లైన్ మీ ఇష్టం. గద్ద కనిపించిందనో, నీళ్లు తక్కువయ్యాయనో, ఎడమ మోకాలు నొప్పి పెట్టిందనో. వెనక్కి తిరిగొచ్చిన రోజులు కూడా రాయండి, ఎందుకు తిరిగారో కారణంతో సహా. నా నోట్‌బుక్‌లో ఆ పేజీలే మళ్లీ మళ్లీ తిరగేశాను.

8. సగం దాటాక

జాబితా మధ్యలో ఊపు తగ్గే కాలం ఒకటి వస్తుంది. నా విషయంలో దానికి కారణం నా తప్పే. దగ్గరున్న కొండలన్నీ మొదటి ఏడాదే ఎక్కేశాను. మిగిలినవన్నీ దూరం, ఒక్కోదానికి రెండు రోజుల సెలవు. నెలల తరబడి ఒక్క టిక్ కూడా పడలేదు. మీరు అలా చేయకండి. దగ్గరి కొండలు కొన్ని, తేలికైనవి కొన్ని ఆఖరిదాకా దాచుకోండి. దూరం వెళ్లినప్పుడు ఒకే గట్టు మీదున్న రెండు మూడు శిఖరాలని కలిపి చూసుకోండి. అలాగని ఒక రోజులో ఎక్కువ ముగించాలని చీకటి పడేదాకా లాగొద్దు. మనసు రాకపోతే రెండు నెలలు జాబితాని పక్కన పెట్టి, ఇదివరకే ఎక్కిన కొండకి వేరే దారిన వెళ్లండి. టిక్ పడని నడకలో కూడా సంతోషంగా ఉన్నారంటే మిగతావి వాటంతట అవే పూర్తవుతాయి.

9. చివరి శిఖరం

స్కాట్లాండ్‌లో చాలామంది పాటించే అలవాటు ఒకటి ఉంది. చివరి మన్రోగా తేలికైనదాన్ని మిగుల్చుకుంటారు, నడక అలవాటు లేని ఇంటివాళ్లు, స్నేహితులు కూడా వెంట రావడానికి. నేనూ అదే చేశాను, మీకూ అదే చెబుతాను. మూడు గంటల్లో ముగిసే, పైన పదిమంది కూర్చోగలిగే కొండ ఒకటి చూసి ఉంచుకోండి. తేదీ ఒకటి కాకుండా రెండు చెప్పండి, వాతావరణం బాగోకపోతే రెండోది ఉంటుంది. ఆ రోజు అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు నడవనివ్వండి. శిఖరానికి పది అడుగుల ముందు ఆగి, వెనకబడ్డవాళ్లంతా వచ్చాక కలిసి పైకి వెళ్లండి. నోట్‌బుక్ పైకే తీసుకెళ్లి, సమయం అక్కడే రాయండి. వచ్చినవాళ్లందరి పేర్లూ రాయండి. తర్వాత చెత్తంతా ఏరి బ్యాగ్‌లో వేసుకుని, వెలుగుండగానే దిగడం మొదలుపెట్టండి.